శుక్రవారం నాటి అల్లెలూయ

లిథువేనియాలో ఒక పల్లె. పాస్క పండుగకి, అంటే ఈస్టర్‌కి, ముందటి శనివారం, మధ్యాహ్నం. వంటగదిలో పొయ్యి మీద పండగ గుడ్లు రంగెక్కడానికి ఉల్లిపొట్టు నీళ్లలో ఉడుకుతున్నాయి. ముసలి జుజానా, మనవరాలు రమూనె పనుల్లో ఉండగా చర్చిలో ఆర్గన్ వాయించే జిగ్మాస్ వచ్చాడు.

"శ్రుతి తగ్గిస్తాలే పెద్దమ్మా. రెండు మెట్లు దించి వాయిస్తా. నీ గొంతుకు హాయిగా ఉంటుంది."

"నా గొంతుకేమొచ్చిందిరా తగ్గించడానికి? నిన్న చర్చిలో కట్టిన ప్రభువు సమాధి దగ్గర మూడు గంటలు పాడాను. నీ పాటల బృందం పిల్లలు గంట తిరక్కుండానే నీళ్లు నీళ్లు అన్నారు."

"అదేగా నేననేది. అంత గొంతు పెట్టుకుని ఒక్క మాట..."

"రమూనె, జిగ్మాస్‌కి టీ పొయ్యవే. తాగి వెళ్తాడు."

"టీ వద్దు. రమూనె, నువ్వైనా చెప్పమ్మా మీ అమ్మమ్మకి. అడిగింది ఒక్క మాట. అల్లెలూయ. రేపు పొద్దున ఆరింటికి చర్చి తలుపులు తీయగానే తను ఒక్కతే ఎత్తుకోవాలి. తర్వాత నేను ఆర్గన్ అందుకుంటా, జనం అందుకుంటారు. అంతే. కొత్త ఫాదర్ గారు ఎంతో ముచ్చటపడి అడిగారు."

"బాబాయ్, నేను చెప్తే వింటుందా? నిన్నట్నించీ ఈ గుడ్ల సంగతి తప్ప ఇంకేం మాట్లాడనివ్వట్లేదు."

"కొత్త ఫాదర్ గారికి ముప్పై నిండలేదు. ఆ వయసులో అందరికీ ముచ్చట్లుంటాయి. చక్కెర ఎన్ని చెంచాలు?"

"వద్దన్నాను కదా పెద్దమ్మా. తొంభై రెండేళ్ల మనిషివి. మా తాత చావుకి నువ్వే పాడావు, మా నాన్న చావుకి నువ్వే పాడావు. ఎనభై ఏళ్లుగా ఈ చర్చిలో..."

"మధ్యలో ఆరేళ్లు సైబీరియాలో పాడాను. చెప్పేది సరిగ్గా చెప్పు."

"సరే, ఆరేళ్లు తీసెయ్. ఇన్నేళ్లలో తపస్సుకాలం పాటలు పాడావు, మరియతల్లి పాటలు పాడావు, పెళ్లిళ్లకి పాడావు. అల్లెలూయ మాత్రం నీ నోట నేను వినలేదు. ఊళ్లో ఏమంటారో తెలుసా? ఆ మాట నువ్వు పరలోకానికి దాచుకున్నావట. తిన్నగా మరియతల్లి ముందే పాడతావట."

"ఎవరన్నారు?"

"అందరూ. మా అమ్మ కూడా అనేది."

"మీ అమ్మ జీవితంలో ఒక్క పాట శ్రుతిలో పాడలేదు. అది చెప్పిందా నీకు?"

"మాట తిప్పకు. పెద్దమ్మా, ముప్పై ఏళ్లుగా ఆర్గన్ మీది అద్దంలోంచి చూస్తున్నా. ప్రతి పండక్కీ అందరితో పాటు నోరు తెరుస్తావు, పెదాలు కదుపుతావు. గొంతు మాత్రం రాదు. ఇప్పటిదాకా ఒక్కడికీ చెప్పలేదు నేను."

"ఆ అద్దం పీఠం దగ్గర ఫాదర్ ఏం చేస్తున్నాడో చూసుకోమని పెట్టారు. ఆడవాళ్ల పెదాలు చూడమని కాదు."

"కారణం చెప్పు. ఇంక జన్మలో అడగను."

"గుడ్లు మాడుతున్నాయి."

"నీళ్లలో గుడ్లు ఎక్కడైనా మాడతాయా?"

"నీకేం తెలుసురా వంట. పో, పోయి నీ ఆర్గన్ తుడుచుకో. గురువారం నుంచి మూత పెట్టి ఉంది, ఈపాటికి ఎలకలు కాపురం పెట్టుంటాయి."

"సాయంత్రంలోగా ఫోన్ చెయ్. అవునన్నా సరే, కాదన్నా సరే. కాదంటే పాటల బృందంలో బ్రోనె చేత పాడించుకుంటా."

"పాడించు. బ్రోనె కూడా దేవుడి బిడ్డే. ఆయన ఓర్చుకుంటాడు."

"వస్తానమ్మా రమూనె."

"వెళ్లిరా బాబాయ్. గుమ్మం దగ్గర బక్కెట్ ఉంది, చూసుకో."

"వెళ్లాడా?"

"వెళ్లాడు. ఇప్పుడు చేతులు చూపించు."

"చేతులెందుకు?"

"వణుకుతున్నాయి కాబట్టి."

"తొంభై రెండేళ్ల చేతులు వణక్క నాట్యం చేస్తాయా?"

"ఇందాక పందిమాంసం కోసేటప్పుడు వణకలేదు. పిండి పిసికేటప్పుడు వణకలేదు. జిగ్మాస్ బాబాయ్ ఆ మాట అన్నప్పుడు మొదలయ్యాయి. అమ్మమ్మా, భయమేస్తోందా?"

"వేస్తోంది."

"పాడటానికా?"

"చావడానికి."

"అదేం మాట. చావు మాటెందుకిప్పుడు?"

"డాక్టరు గుమ్మం అవతల నీతో చెప్పింది నాకు వినపడిందే. నా చెవులకేం కాలేదు. వేసవి దాటదన్నాడు."

"అలా అనలేదు. గుండె బలహీనంగా ఉంది, జాగ్రత్తగా చూసుకోమన్నాడు."

"వేసవి దాటదని కూడా అన్నాడు. నువ్వు బయట ఏడ్చి, లోపలికొచ్చి పొద్దుతిరుగుడు గింజలు కావాలా అనడిగావు."

"అమ్మమ్మా."

"పర్లేదులే. గింజలు బావున్నాయి."

"నీకు చావంటే భయమంటే నేనెలా నమ్మను? తెల్లారి లేస్తే జపమాల. ఏ ఇంట్లో ఎవరు పోయినా నిన్నే పిలుస్తారు. ఎంతమందిని పాడి సాగనంపావో నీకే గుర్తులేదు."

"వాళ్లని సాగనంపాను. అక్కడ వాళ్లకి ఎవరెదురొస్తారో నాకు తెలీదు, కాబట్టి నిబ్బరంగా పాడాను. నాకెవరెదురొస్తాడో నాకు తెలుసు. అదీ భయం."

"ఎవరు?"

"ఫెలిక్సాస్."

"మీ అన్నయ్య?"

"నీకు నవ్వులాటగా ఉంటుంది. ముసల్ది దేవుణ్ని కాదు, అన్నని చూసి భయపడుతోందని. దేవుడు కరుణామయుడు, అది రోజూ చెప్పుకుంటున్నాం. మా అన్న సంగతి ఎవరూ చెప్పరే."

"నవ్వట్లేదు నేను."

"నవ్వట్లేదు, తెలుసు. నీ సంచిలోది ఎప్పుడు తీస్తావు?"

"ఏ సంచి?"

"నల్ల సంచి. మూడు రోజులుగా అది కుర్చీ మీంచి మంచం మీదికి, మంచం మీంచి బీరువాలోకి తిరుగుతోంది. లోపల పచ్చ కవరుంది. కవరు మీద మా అన్న పేరుంది."

"నా సంచి వెతికావా?"

"వెతకలేదు. నా కళ్లజోడు కోసం చూశాను."

"నీ కళ్లజోడు నా సంచిలో ఎందుకుంటుంది?"

"లేదు. చూశాను కాబట్టి తెలిసింది. ఎక్కడిదే ఆ కాగితం?"

"విల్నియస్‌లో పాత కాగితాలు దాచే ఆఫీసు ఉంది. రష్యావాళ్లు చేసిన అప్పటి విచారణల కాగితాలు. ఇంటివాళ్లు అడిగితే నకలు ఇస్తారు. నువ్వు నిద్రలో మీ అన్నయ్య పేరు పిలుస్తున్నావమ్మమ్మా. 'వెళ్లిపో అన్నయ్యా, వెళ్లిపో' అంటావు. శీతాకాలమంతా అదే. నీ పక్కన పడుకుని విని విని నాకే భయం పట్టుకుంది. అందుకే వెళ్లి అడిగాను."

"చదివావా?"

"చదివా. రష్యన్‌లో ఉంది. కూడబలుక్కుని చదివా."

"నా పేరుందా అందులో?"

"ఉంది."

"అయితే తీయకు."

"అమ్మమ్మా, అందులో..."

"చెప్పకు. నోరు మూసుకో. గుడ్లు దించి, చేతులు తుడుచుకుని ఇలా కూర్చో. కాగితం చెప్పకముందు నా నోటితో నేను చెప్పాలి. నా సంగతి ఇంకెవడి రాతలోనో చూసి నువ్వు తెలుసుకున్నావంటే నాకు ఇంకా సిగ్గు."

"దించాను. కూర్చున్నా. నీళ్లు తాగు."

"వద్దు. మీ అమ్మక్కూడా చెప్పలేదు నేనిది. మీ తాతకి చెప్పలేదు. ఆయన అడిగేవాడు కాదు, మంచివాడు. రష్యావాళ్లకి చర్చి అంటే గిట్టదు, నేను చర్చిలో పాడుతున్నానని ఆయన్ని ట్రాక్టరు మీంచి దించి పందుల కొట్టంలో పనికేశారు. ఒక్కరోజు కూడా నన్ను పాడొద్దనలేదు. మీ అమ్మని క్లాసులో నిలబెట్టి, 'మీ అమ్మ ఇంకా దేవుడికి పాటలు పాడుతుందటగా' అని అందరినీ నవ్వించేవారు. అది ఇంటికొచ్చి ఏడ్చేది. అయినా నేను ఆపలేదు. నాకు అంత ఇష్టం పాటంటే. ఇష్టం కూడా కాదు, ఆపితే ఊపిరాడేది కాదు. అలాంటిదాన్ని, పాడాల్సిన రోజు పాడలేదు."

"ఏ రోజు?"

"నాకు పదిహేడు. ఫెలిక్సాస్‌కి ఇరవై నాలుగు. రష్యావాళ్ల మీద పోరాడతామని కుర్రాళ్లు అడవుల్లోకి పోయిన రోజులు. వీడూ పోయాడు. వారానికోసారి, శుక్రవారం, రొట్టెకి వచ్చేవాడు. పగలే. రాత్రిళ్లు రష్యావాళ్లు కాపలా ఉండేవారు కాబట్టి పగలే వచ్చేవాడు. అడవిలోంచి వాగు దాకా వచ్చి, అక్కడ ఆగి వినేవాడు."

"ఏం వినేవాడు?"

"నన్ను. నేను కిటికీ బెత్తెడు తెరిచిపెట్టి పాడుతుండాలి. ఆడపిల్ల పని చేసుకుంటూ పాడుకుంటే ఎవడికీ అనుమానం రాదు. పాస్కకి ముందు నలభై రోజుల తపస్సుకాలం కదా, ప్రభువు శ్రమల పాట పాడితే ఇంట్లో ఎవరూ లేరు, రా అని. ఎవరైనా ఉంటే అల్లెలూయ పాడాలి. వచ్చినదారినే పో అని."

"అల్లెలూయ. తపస్సుకాలంలో?"

"అందుకే పెట్టాడది. అది ప్రభువు తిరిగి లేచిన సంతోషంలో పాడే మాట, ఆ నలభై రోజులూ ఎవరి నోటా రాదు. చంటిపిల్లల్ని ఆడించడానికి కూడా అనం. 'వేరే ఏ పాట పెట్టినా పొరపాటు పడొచ్చే జుజానా, ఇది వినపడిందంటే ఇంక అనుమానమే లేదు' అన్నాడు. నవ్వాడు కూడా. 'నువ్వు పాడగలవా అసలు? నీకు పాపభయం జాస్తి' అన్నాడు. పాడతానని చేతిలో చెయ్యేసి చెప్పాను. నీకోసం అయితే పాడతానన్నాను."

"ఎవరూ రాలేదా మరి?"

"నలభై రోజులూ రాలేదు. పవిత్ర శుక్రవారం వచ్చారు. అమ్మ మూడింటి ప్రార్థనకి చర్చికి పోయింది. నేను ఒక్కదాన్నే, రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని శ్రమల పాట పాడుతున్నాను. నలుగురొచ్చారు. ముగ్గురు రష్యావాళ్లు, మన భాష రాదు. నాలుగోవాడు మన ఊరివాడే. లియోనాస్. చిన్నప్పుడు చర్చిలో నాతో పాటు మొదటి సత్ప్రసాదం తీసుకున్నవాడు."

"అయితే తపస్సుకాలంలో అల్లెలూయ అనరని వాడికి తెలుసు."

"తెలియకేం. వాడు పశువులపాక వెనక్కి పోయి నక్కాడు. ముగ్గురు ఇంట్లో, తలుపు వెనక. నేను ఆపాను. ఒకడు తుపాకీ ఇలా ఎత్తి, పాడు పాడు అని సైగ చేశాడు. ఇల్లు ఎప్పట్లాగే ఉండాలట వాళ్లకి."

"నువ్వు పాడుతోంది శ్రమల పాట. అంటే..."

"అంటే రా అని. రా, ఎవరూ లేరు, రా అని. ఆపితే నన్ను చంపుతారు. ఆపకపోతే వాడొస్తాడు. మార్చాలి. ఒక్క మాట మార్చాలి. నీళ్లియ్యి."

"ఇదిగో. మెల్లగా. చాలమ్మమ్మా, ఇంక చెప్పకు. నాకు భయంగా ఉంది, నీ మొహం తెల్లబడుతోంది."

"నా మొహం ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. విను. తపస్సుకాలంలో చర్చిలో లాగే మా అమ్మ ఇంట్లో సిలువకి కూడా ఊదాగుడ్డ కప్పేది. అది ఎదురుగా ఉంది. మూడు గంటలు కొట్టింది. ప్రభువు ప్రాణం విడిచిన గంట. ఏడాది మొత్తంలో ఆ మాట అసలు అనకూడని గంట ఏదైనా ఉందంటే అదే. నోరు తెరిచాను. నాలుక తిరగలేదు. నరకం కనపడింది నాకు. నువ్వు ఇప్పటి పిల్లవి, నీకు తెలీదు. నిజంగా కనపడింది, ఆ పొయ్యి కనపడినట్టు."

"పాడలేదా?"

"పాడాను."

"పాడావా?"

"ఒక్కసారి. ఇంతే. నీకిప్పుడు చెప్పినంత గట్టిగా కూడా కాదు. కిటికీ వైపు తిరిగి, పెదాల మధ్యన. వెంటనే మళ్లీ శ్రమల పాటలోకి పోయాను. రమూనె, నా గొంతు నీకు తెలుసు. చిట్టచివరి బెంచీలో చెవిటి మార్తా కూడా నేను ఎత్తుకుంటే తలెత్తి చూసేది. ఆ గొంతు పెట్టుకుని దోమలా పాడాను. వాగు దాకా దోమ వినపడుతుందా?"

"నువ్వు చిన్నపిల్లవి. దేవుడికి భయపడ్డావు."

"ఫాదర్లకి అదే చెప్పాను. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఏడుగురికి చెప్పాను, ఒకరి తర్వాత ఒకరికి. ఏడుగురూ అది పాపం కాదన్నారు, లేచి పొమ్మన్నారు. వాళ్లకేం తెలుసు? వాళ్లు వాగు దగ్గర నిలబడి విన్నారా? విన్నవాడు చెప్పాలి. అయినా వాళ్లకి నేను సగమే చెప్పాను."

"మిగతా సగం?"

"దేవుడికేనా భయపడింది, అని. పాక వెనక లియోనాస్ ఉన్నాడు. గట్టిగా పాడితే వాడికి వినపడుతుంది. గుర్తు ఇస్తోందని చెప్తాడు. నన్ను అక్కడే కాల్చేస్తారు. ఆ క్షణంలో నరకం కనపడింది, నిజమే. ఆ తుపాకీ కూడా కనపడింది. దేనికి గొంతు దించానో నాకు తెలీదు. డెబ్బై ఐదేళ్లుగా ఆలోచిస్తున్నాను, తేలలేదు. దేవుడికి భయపడి అన్నని చావుకి వదిలేశానంటే కొంత నయంగా ఉంటుంది కదా, అందుకని అలా చెప్పుకున్నాను."

"అమ్మమ్మా, ఇలా రా. ఇలా నా భుజం మీద..."

"ఉండు. అయిపోలేదు. వాడొచ్చాడు. ఎప్పుడూ పాకుతూ వచ్చేవాడు, గడ్డి కూడా కదిలేది కాదు. ఆ రోజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. తిన్నగా గుమ్మానికి. అదే నాకు అర్థం కాదు. ఎందుకు పరిగెత్తాడు? ఆకలేసిందేమో. శ్రమల పాట వినపడింది, ఎవరూ లేరనుకున్నాడు, ఆకలి మీద పరిగెత్తాడు. రొట్టెలు బల్ల మీదే ఉన్నాయి, గుడ్డలో. వాడు గుమ్మం దాకా రాలేదు. అది నేను చూశాను. నోరు తెరిచే ఉంది నాది, పాట ఆగలేదు. పాడుతూనే చూశాను."

"ఏడుపు ఆపుకోకు. ఏడువు."

"మర్నాడు, ఇలాంటి శనివారమే, పట్నంలో సంత జరిగేచోట పడేశారు వాడి శవాన్ని. మా అమ్మ రాళ్ల మీద కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు. నోరు తెరిస్తే ఆ మాట బయటికొస్తుందేమోనని పళ్లు బిగించుకుని నిలబడ్డాను. వారం తిరక్కుండా మమ్మల్ని సైబీరియా రైలెక్కించారు. అమ్మ ఆ మంచులోనే పోయింది. ఫాదర్ లేడు, నేనే పాడాను. అక్కడ పోయినవాళ్లందరికీ నేనే పాడాను. మనవాళ్లకి పాడాను, పోలండువాళ్లకి పాడాను, ఒక జర్మన్ ముసలాయనకి కూడా పాడాను. పాస్క పండుగ వచ్చేది. అందరూ మమ్మల్ని ఉంచిన చెక్క బ్యారక్‌లో దుప్పట్లు కప్పుకుని అల్లెలూయ అనేవారు. నేను పెదాలు కదిపేదాన్ని. వాడికి గట్టిగా పాడనిది దేవుడికి ఏ మొహంతో పాడను?"

"ఇన్నేళ్లూ ఒక్కదానివే మోశావు."

"అందరూ ఏదో ఒకటి మోస్తారులే. ఇప్పుడు భయమేంటంటే, పోయాక అక్కడ గుమ్మంలో వాడుంటాడు. ఇరవై నాలుగేళ్లవాడు. నేనేమో ఇలా, ముడతలు పడి. గుర్తుపట్టి అడుగుతాడు. 'పాడతానన్నావు కదే, ఎందుకు పాడలేదు?' అంటాడు. నేనేం చెప్పను? పడుకుంటే అదే, లేస్తే అదే. ఇంక కాగితం తీయి."

"ఇప్పుడొద్దు. పండగ అయ్యాక చదువుకుందాం."

"నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఇంక అందులో ఏముంటే అది ఉంటుంది. చెల్లెలే పాడి పిలిచి పట్టిచ్చిందని రాశాడా లియోనాస్?"

"లియోనాస్ కాదు. ఇది వేరే మనిషి చెప్పింది. ఆల్బినాస్ అని. ఆ శరత్కాలంలో రష్యావాళ్లకి దొరికాడట."

"ఆల్బినాస్? చెవులు పెద్దవి, బక్కగా ఉండేవాడు. మా అన్నతో అడవిలో ఉండేవాడు. వాడికేం తెలుసు? వాడు ఆ రోజు లేడు."

"ఉన్నాడమ్మమ్మా. పక్కనే ఉన్నాడు."

"చదువు."

"'ప్రశ్న: ఆ శుక్రవారం మీరెక్కడున్నారు? జవాబు: నేను, ఫెలిక్సాస్ వాగు దగ్గరికి వచ్చాం. శ్రమల పాట వినపడింది. ఇంట్లో ఎవరూ లేరనుకుని పాక్కుంటూ ముందుకొచ్చాం. కిటికీ ముందు లైలాక్ పొదలో పడుకున్నాం.'"

"లైలాక్ పొదలోనా? వాగు దగ్గర కదా."

"పొదలో అనే ఉంది. కిటికీకి ఇరవై అడుగులని కూడా రాశారు."

"ఆ పొద నాకు కనపడుతూనే ఉంది. నేను అటే చూస్తున్నాను. దాని అవతల వాగుని చూస్తున్నాను."

"వాళ్లు పొదలోనే ఉన్నారు. 'అప్పుడు అతని చెల్లెలు గుర్తు మాట పాడింది.'"

"ఏం మాట?"

"గుర్తు మాట."

"ఏం మాటో రాశారా?"

"రాశారు. అల్లెలూయ. రష్యన్ అక్షరాల్లో రాశారు. విచారణ చేసినవాడికి ఆ మాట సరిగ్గా రానట్టుంది, ఒకసారి కొట్టేసి మళ్లీ రాశాడు."

"వినపడిందా?"

"వినపడింది. 'చాలా నెమ్మదిగా పాడింది, కానీ ఇద్దరం విన్నాం' అని ఉంది."

"మళ్లీ చదువు."

"'చాలా నెమ్మదిగా పాడింది, కానీ ఇద్దరం విన్నాం.'"

"ఇంకోసారి."

"'ఇద్దరం విన్నాం.' అమ్మమ్మా, నీ గొంతు చేరిందమ్మా. నువ్వు పాడావు, ఆయన విన్నాడు."

"నా దోమగొంతు చేరింది."

"చేరింది."

"అయితే వాడు అడగడు. ఎందుకు పాడలేదని అడగడు."

"అడగడు."

"ఓ ప్రభువా. ఓ మరియతల్లీ. వేలు చూపించు, ఏ లైను? ఇదా? ఈ మాటా? నాకు రష్యన్ అక్షరాలు రావన్నట్టు అలా చూస్తావేంటే, ఆరేళ్లు అదే చదివాను. అవును. అల్లెలూయ. ఎంత వంకరగా రాశాడు చూడు, వెధవ. నా ఫోనియ్యి."

"ఎవరికి?"

"జిగ్మాస్‌కి. ఇయ్యి. హలో, జిగ్మా? నేనే. విను, బ్రోనెకి చెప్పావా? చెప్పకపోతే చెప్పకు. చెప్తే వద్దని చెప్పు. నేనే ఎత్తుకుంటా. ఆ. అవున్రా, నేనే. ఏడుస్తున్నావేంట్రా, ఆర్గన్ తడుస్తుంది. ఒక్కమాట. శ్రుతి దించావంటే అందరి ముందూ ఆపి తిడతాను. ఉంటా. రమూనె, నా నీలం శాలువా ఇస్త్రీ చెయ్యి. నల్లది కాదు, నీలంది."

"చేస్తా. ముందు కాసేపు పడుకో."

"పడుకోను. ఇన్నాళ్లూ పడుకుని ఏం బావుకున్నాను. ఆ గుడ్లు కూడా తీసుకురా, వెన్న రాసి తుడుద్దాం. మెరవాలి. రేపు..."

"ఏంటమ్మమ్మా? ఏమైంది?"

"ఉండవే. వినపడితే ఎందుకొచ్చాడు?"

"గుడ్లు చల్లారిపోతాయి, ముందు వెన్న..."

"వచ్చినదారినే పో అని పాడాను. విన్నాడు. విని ఎందుకొచ్చాడు?"

"గుడ్డు పగిలింది చూడు, ఇది."

"గుడ్ల సాకు ఇందాక నేనే వాడాను. నా దగ్గరా? కాగితం ఎందుకు మడుస్తున్నావు?"

"అయిపోయింది కాబట్టి."

"అయిపోలేదు. కింద ఇంకా నాలుగు లైన్లున్నాయి. నా కళ్లు మసకేగానీ పోలేదు."

"అవి నీకు అక్కర్లేదమ్మమ్మా. వినపడింది, అది చాలు. దాని కోసమే కదా ఇన్నేళ్లూ భయపడ్డావు? ఇప్పుడే నవ్వావు. నేను పుట్టాక నువ్వలా నవ్వడం ఇదే చూడటం. ఇక్కడితో ఆపేద్దాం. నీ కాళ్లు పట్టుకుంటా."

"లే. కాళ్లు వదులు. చదువు."

"నాకు భయంగా ఉంది. నీ గుండె..."

"నా గుండె సైబీరియా మోసింది. నాలుగు లైన్లు మోస్తుంది. నువ్వు చదవకపోతే నేను కూడబలుక్కుంటా, పొద్దు గుంకేసరికి అవుతుంది."

"చదువుతా. నా చెయ్యి పట్టుకో. 'నేను అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. గుర్తు వచ్చింది కదా, పద పోదాం అన్నాను. విన్నాను అన్నాడు.'"

"విన్నాను అన్నాడు. అని?"

"'కదల్లేదు. మళ్లీ లాగాను. అప్పుడు అతను...'"

"రమూనె. అప్పుడు అతను?"

"'అప్పుడు అతను అన్నాడు: నీకు మా జుజానా సంగతి తెలీదు. ఇవాళ శుక్రవారం. అది ఇవాళ ఆ మాట పాడిందంటే, లోపల ఎంత భయపడుతోందో. దాన్ని ఒక్కదాన్నే వదిలేసి నేనెక్కడికి పోను? అని, నా చెయ్యి విదిలించుకుని, తుపాకీ తీసుకుని, ఇంటివైపు పరిగెత్తాడు.'"